లేని కొబ్బరిచెట్లకు వేలం

ముందే చెప్పేస్తే నాకు బరువు తగ్గుతుంది, మీకు జాగ్రత్త పెరుగుతుంది. నేను పెంచి చెబుతాను. పూండి స్టేషన్లో రైలు అర నిమిషం ఆలస్యమైతే, నేను ఇంటికి చేరేసరికి అది పట్టాలు తప్పి జీడితోటల్లో మేస్తూ ఉంటుంది. కాశీబుగ్గ బజారులో ఎవరైనా తుమ్మితే నా కథలో రెండు దుకాణాల రేకులు లేచిపోతాయి. కావాలని చేసే పని కాదు. వడ్డించేటప్పుడు కొందరి గరిటె నిండుగా పడుతుంది చూడండి, నా నోరు అలాంటిది. మోసం చేద్దామని కాదు, తక్కువ పెట్టలేక.

నా మాటకు సరైన తూకం వేసినవాడు లోకంలో ఒక్కడే ఉండేవాడు. ఉద్దానంలో నేను పంచాయతీ కార్యదర్శిగా పనిచేసిన ఊరి ప్రెసిడెంటు. వరసకు నాకేమీ కాడు. మా వైపు వరస తెలియని మగవాళ్ళందరూ బావలే కాబట్టి ఆయన నాకు బావ, నేను ఆయనకు బావ. ఆయన భార్యను నేను అప్పా అనేవాణ్ణి. అక్కను మేమలాగే పిలుస్తాం.

జీడిపిక్కలు కాటాకు వేసినప్పుడు వ్యాపారి తరుగు తీస్తాడు. తేమ ఉందనీ, మట్టి ఉందనీ బస్తాకు ఇంత అని కోసేస్తాడు. జన్మంతా తరుగు పెట్టించుకున్న రైతు మా బావ. ఆ కసి నా మీద తీర్చుకునేవాడు.

"బావా, పలాసలో ఎండకి రైలు పట్టాలు బెల్లంపాకంలాగ సాగిపోనాయి," అనేవాణ్ణి బండి దిగుతూనే.

"తేమెక్కువుంది బావా. సగం తీసీ."

"తీసీసినాను."

"సగం తీసినా పట్టా సాగదు. ఇంకా తీసీ. ఆఖరికి ఏటి మిగిలినాదో అది సెప్పు."

"ఎండగా ఉంది."

"అదీ. రా, కూకో."

మా రోజు అలా మొదలయ్యేది.

పంచాయతీ అంటే వీధిలైట్లు, మురుగుకాలువలు అనుకుంటారు జనం. కాదు. పంచాయతీ అంటే లెక్కలు. ఇంటిపన్ను ఎంత వచ్చింది, సంత ఆశీలు ఎంత వచ్చింది, బ్లీచింగు పొడికి ఎంత పోయింది, పంచాయతీకి ఉన్న ఆస్తులేమిటి, అన్నీ ఏడాది చివర కూడి, తేల్చి, కంప్యూటర్లో పోర్టల్‌కు ఎక్కించాలి. ఎక్కించినవాటిని ఆడిటర్ వచ్చి చూడాలి. చూసి ఔనంటేనే పైనుంచి రావలసిన నిధులు కదులుతాయి. ఆ పోర్టల్ సంగతి చెప్పాలంటే నాకు ఇంకో పుస్తకం కావాలి. ఒక్కొక్క పేజీ తెరుచుకునేలోగా మా ఆఫీసు ముందు నాటిన బొప్పాయి కాపుకొచ్చేది. (తరుగు తీసుకోండి. పూత వరకే వచ్చేది.)

ఆ ఏడాది రావలసిన నిధులకు ఒక పని ముందే రాసిపెట్టి ఉంది. ఊళ్ళోని ట్యాంకు నుంచి దిగువ వీధికి మంచినీళ్ళ గొట్టం. సముద్రం వైపు చివరగా ఉన్న వీధి అది. బావ ఇల్లు ఆ వీధిలో చిట్టచివర. ఆ ఇసుకలో బావి తవ్వితే నీళ్ళు చేతికందుతాయి, కానీ వాటిని తాగాలంటే జనానికి భయం. ఆ నీళ్ళ వల్లేనా, వేరే దేనివల్లనా అని పెద్ద పెద్ద డాక్టర్లే తేల్చలేదు. తేలేలోగా ఆ వీధిలో కిడ్నీలు పోని ఇల్లు లేకుండా పోయింది. ఈ మాటకు మాత్రం తరుగు లేదు. ఇంటికి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళివ్వడం ఆ వీధిలో మానేశారు. వస్తే బొండాం కొట్టి ఇస్తారు, లేదంటే మజ్జిగ. నీళ్ళు అడిగితే ఇల్లాలు తల దించుకుంటుంది.

బావకు అప్పటికే రోజు విడిచి రోజు పలాసలో డయాలసిస్. తనకు ఆ గొట్టం పనికిరాదని ఆయనకు తెలుసు. తాగవలసిన నీళ్ళకు కూడా డాక్టరు గ్లాసు కొలత పెట్టాడు. ఆయన కోరికల్లా ఒకటే, అప్ప గుమ్మంలో కుళాయి తిరగాలి.

"మీ అప్ప ఎవులికైనా గలాసుతో నీలిచ్చింది నాను సూడాలి బావా," అనేవాడు. "అదొక్కటి సూసీసినానంటే ఇంక నాకేటీ అక్కర్లేదు."

అలాంటి రోజుల్లో టెక్కలి నుంచి ఆడిట్ మేడమ్ వచ్చారు. మంచి మనిషి. పెన్ను ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. ఎర్ర పెన్ను మూత తీస్తే చాలు, గోడ మీద బల్లి కూడా కదలడం మానేసేది. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆకుపచ్చ పెన్నే నడిచింది. తర్వాత ఒకచోట ఆగారు.

"ఈ కొబ్బరిచెట్ల వేలం ఏమిటండీ? దిగువ వీధి రోడ్డు పక్క చెట్లు. ఏటా పాట జరుగుతోంది, ఏటా డబ్బు జమ అవుతోంది."

"అవునండి," అన్నాను.

"వీటి పక్కనే తుఫాను నష్టం కాగితం ఉంది. పెద్ద తుఫానులో ఈ చెట్లన్నీ కూలిపోయాయని మీ పంచాయతీయే పంపింది. మరి ఆ తర్వాత ఈ కాయలు ఏ చెట్లవి?"

నేను బావ వైపు చూశాను. బావ కిటికీలోంచి బయటికి చూశాడు. కిటికీ బయట కూడా చెట్టేమీ లేదు.

"పదండి, చూసొద్దాం," అన్నారామె.

వెళ్ళాం. ఆ ఎండకు మేడమ్ చెప్పులు కరిగి ఇసుకకు అంటుకుపోయాయి. (సగం తీయండి.) రోడ్డు పక్కన ఒకప్పుడు చెట్లున్న చోట మొదళ్ళు పీకేసిన గుంతలు పూడి కనిపిస్తున్నాయి. ఒక్కొక్క గుంత పక్కన బావ కొత్తగా నాటిన మోకాలెత్తు కొబ్బరిమొక్క ఒకటి, మేకలు తినకుండా ముళ్ళకంప చుట్టి ఉంది.

"చెట్లేవండీ?"

"అయిగోనండి," అన్నాడు బావ మొక్కల్ని చూపించి.

"ఇవా? వీటికి కాయలెప్పుడు కాస్తాయి?"

"కాత్తాయండి. తొందరేటి?"

"ప్రెసిడెంటు గారూ, ఇవి కాయకుండానే ఏటా వేలం ఎలా వేశారు? ఎవరు పాడారు?"

ఇంటి అరుగు మీద నుంచి అప్ప లేచి వచ్చింది. చేతిలో కొట్టిన బొండాం. కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళి వచ్చి, పిక్కల జీడికి వేళ్ళన్నీ నల్లగా కాలి ఉన్నాయి. మేడమ్‌కు బొండాం అందించి, "నానేనండి, పాడినాను," అంది.

"ఏం కాశాయని పాడారమ్మా?"

"ఏటీ కాయలేదండి. ఈయన వేలమెట్టినాడు, నాను పాడినాను. మరెవులు పాడతారు, లేని సెట్టుకి?"

మేడమ్ గ్లాసుడు మంచినీళ్ళు అడిగారు. అప్ప తల దించుకుని, "బొండాం తాగండమ్మా," అంది. పక్క జిల్లా నుంచి టెక్కలికి కొత్తగా వచ్చిన మనిషి, ఆమెకు అర్థం కాలేదు. నేను చెప్పాక అర్థమైంది. బొండాం చేత్తో పట్టుకుని చాలాసేపు ఆ మొక్కల్నే చూస్తూ నిలబడ్డారు.

అసలు సంగతి ఊరందరికీ తెలుసు. ఆ చెట్లు నాటింది బావా, ఆయన అన్నా. అన్న వార్డు మెంబరుగా ఉన్న రోజుల్లో ఇద్దరూ కావిళ్ళతో నీళ్ళు మోసి పెంచారు. కాపుకొచ్చాక పంచాయతీ ఏటా వేసవికి ముందు వాటి కాయలకు వేలం వేసేది. ఊరంతా పంచాయతీ అరుగు దగ్గర చేరి, బీడీలు కాలుస్తూ, ఒకళ్ళనొకళ్ళు ఎగదోసుకుంటూ పాడేవారు. అన్న కిడ్నీ జబ్బుతోనే పోయాడు. ఆ తర్వాత తుఫాను వచ్చింది. ఉద్దానంలో తెల్లారేసరికి చెట్లు కాదు, మనుషులు పడి ఉన్నట్టు ఉందనేవారు. నేను చూడలేదు కాబట్టి ఇక్కడ పెంచడానికి నాకు హక్కు లేదు.

మరుసటి ఏడాది వేలం రోజు వచ్చింది. చెట్లు లేవు. ఎవరూ రారనుకున్నారు. బావ అరుగు మీద కూర్చుని మామూలుగానే వేలం పిలిచాడు. ఒక ఏడాది వేలం ఆగితే, ఆ రోడ్డు పక్క జాగా పంచాయతీది కాదని ఎవరో ఒకరు పాక వేసేస్తారనీ, మళ్ళీ అక్కడ చెట్టు లేవదనీ ఆయన భయం. సగం నిజం, సగం మంకుతనం. ఎవరూ పాడలేదు. చివరికి అప్ప పాడింది. పిక్కలు కొట్టిన కూలి డబ్బులు తెచ్చి కట్టింది. రసీదు రాశారు. ఏటా అదే.

మేడమ్ ఆఫీసుకు వచ్చి కుర్చీలో కూలబడ్డారు. "నా సర్వీసులో డబ్బు తినేసినవాళ్ళను చూశాను. రాని డబ్బు రాసినవాళ్ళను చూశాను. లేని ఆదాయానికి సొంత డబ్బు కట్టినవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను. దీనికి రూలు ఎక్కడ వెతకను?"

అయినా ఎర్ర పెన్ను తీయక తప్పలేదు. అభ్యంతరం రాశారు. జవాబు ఎలా ఇవ్వాలో కూడా దయతో ఆవిడే చెప్పారు. చెట్లు పడిపోయాయని పంచాయతీ తీర్మానం చేయాలి. ఆస్తుల రిజిస్టరు నుంచి వాటిని కొట్టేయాలి. ఆ తర్వాత వచ్చిన డబ్బు వేలం కాదు, విరాళం అని మార్చాలి. అది పోర్టల్‌కు ఎక్కితే లెక్కలు ముగుస్తాయి, నిధులు కదులుతాయి. "లేకపోతే గొట్టం పని ఈ ఏడాదికి లేనట్టేనండీ."

"నాను సంతకమెట్టను," అన్నాడు బావ.

మర్నాడు ఆటోలో ఆయన పక్కన కూర్చుని పలాస వెళ్ళాను. తీర్మానం కాగితం నా సంచిలోనే ఉంది. మిషను తిరుగుతోంది. ఆ గదిలో మంచాల మీద ఉద్దానమంతా పడుకుని ఉంది. రక్తంలో క్రియాటినైను ఎంతుందో అడిగే గొంతులు, పరీక్షల్లో మార్కులు అడిగినట్టు.

"బావా, నువ్వు సంతకం ఎట్టకపోతే ఆ పోర్టల్ బుసకొట్టి, నా ఉద్యోగం మింగీసి, టెక్కలి ఆఫీసు కూడా మింగీసి..."

"తరుగు."

"నిధులు రావు."

బావ పైకప్పు వైపు చూస్తూ అన్నాడు, "అన్న పోయినప్పుడు మా ఇంటి రేషను కార్డులో పేరు కొట్టీసినారు. ఓటరు లిస్టులో కొట్టీసినారు. అన్నిటికీ నానే సంతకమెట్టినాను బావా. ఈ సెట్లు ఒక్కటే మిగిలినాయి, నాను కొట్టనివి."

కాగితాన్ని సంచిలో ఇంకా అడుగుకు తోశాను.

ఈ మాట అప్ప వింది. మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. లేవకుండానే అంది, "ఇన్నేల్లు లేని సెట్టుకి నా కూలి డబ్బులు కట్టినాను. ఒక్కపాలైనా ఎందుకని అడిగినానా?"

"అడగలేదు."

"ఇప్పుడడుగుతున్నాను. సంతకమెట్టు."

"ఆడోల్లకి తెల్దే ఇయి."

"నాకేటి తెల్దో సెప్పు సూద్దాం. మొన్న పిక్కల షెడ్డు కాడ అందరికీ రగతం సూసినారు. నాకూ వచ్చీసినాది." పక్కింటికి చుట్టం వచ్చిందన్నంత మామూలుగా అంది. "ఇంకా మందుల్తో ఆగుతాదన్నారు. మంచినీలు తాగమన్నారు. ఎక్కడినుంచి తాగను?"

మిషను మాత్రం తిరుగుతూనే ఉంది. బావ తల పక్కకు తిప్పుకున్నాడు. గోడ వైపే ఉండి, సూది లేని చెయ్యి నా వైపు చాపాడు. "ఇటియ్యి బావా, కాగితం."

"ఇక్కడ కాదు బావా. సభ కావాలి, మెంబర్లుండాలి..."

"అయితే సభెట్టు. నాకు కాల్లు లేవేటి?"

సభ పెట్టాం. తీర్మానం నేనే చదివాను. చెట్లు తుఫానుకు పడిపోయినవి, ఆస్తుల నుంచి తీసివేయడమైనది, తదుపరి జమలు విరాళంగా పరిగణించడమైనది. వార్డు మెంబర్లందరూ సంతకాలు చేశారు. ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ, "మొక్కలు మరి?" అన్నాడు. కాయని మొక్కలను ఆస్తుల్లో ఏ వరసలో రాయాలో మాలో ఎవరికీ తెలియదు. రాయలేదు. బావ చివరగా సంతకం చేసి పెన్ను మూత పెట్టాడు. మూత సరిగ్గా పడలేదు. మళ్ళీ పెట్టాడు.

"కొట్టీడానికి ఇంకెవులూ లేరు," అన్నాడు.

అభ్యంతరం తొలగింది. నిధులు వచ్చాయి. దిగువ వీధిలో కందకం తవ్వడం మొదలైంది. బావ ఆటో ఆపించి, లోపలి నుంచే గొట్టాలు చూసేవాడు. ముళ్ళకంపల దగ్గర తవ్వుతున్నవాళ్ళను, "మొక్క జాగర్త, గుంటడా," అని కేకలేసేవాడు. తర్వాత ఆటో ఆగడం మానేసింది. ఆయన్ని పలాస ఆసుపత్రిలోనే ఉంచేశారు. ఒంట్లో నీరు చేరింది. ఊపిరి అందడం లేదు.

కుళాయి తిరిగిన రోజు నేను గుమ్మంలోనే ఉన్నాను. అప్ప ఇంట్లో లేదు, ఆసుపత్రిలో ఉంది. పక్కింటావిడ తిప్పింది. ముందు గాలి బుసలు కొట్టింది, తర్వాత ఎర్ర నీళ్ళు, తర్వాత తెల్లటి నీళ్ళు సన్నగా, చిటికెన వేలంత ధార. నేను బండెక్కి పలాస దాకా ఆగకుండా వెళ్ళాను.

బావ మంచం పక్క నిలబడి మొదలెట్టాను. "బావా, నీలు రాలేదు, దూకినాయి! కుళాయి తిప్పగానే గొట్టం బద్దలు కొట్టుకొని కొబ్బరిచెట్టంత ఎత్తు లేచినాయి. దిగువ వీధంతా పడవలేసుకు తిరుగుతున్నారు. మేకలు ఈత నేర్చీసుకున్నాయి..."

బావ కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "తేమెక్కువుంది బావా," అన్నాడు. "సగం తీసీ."

ఆ వారంలోనే పోయాడు. దినవారాలకు వచ్చిన జనానికి అప్ప స్టీలు గ్లాసులతో కుళాయి నీళ్ళు ఇచ్చింది. వచ్చినవాళ్ళందరూ తాగారు. దాహం లేనివాళ్ళు కూడా తాగారు. చూడవలసినవాడు ఫొటోలో ఉన్నాడు.

నేను బదిలీ అయి వేరే ఊరికి వెళ్ళాను. ఏళ్ళు గడిచాక, ఈ మధ్య ఆ దారిన వెళితే కొత్త కార్యదర్శి, కుర్రవాడు, తల పట్టుకుని కనిపించాడు. మళ్ళీ ఆడిట్ అయిందట. కొత్త ఆడిటర్ దిగువ వీధికి వెళ్ళి వచ్చి అడిగాడట, రోడ్డు పక్కన కాపు మీదున్న కొబ్బరిచెట్లు ఎవరివి, ఆస్తుల రిజిస్టరులో ఎందుకు లేవు, ఆదాయం ఏమవుతోంది అని. ఆ కుర్రవాడికి ఏమని చెప్పను? ఒకప్పుడు చెట్లు లేవు, రాతలో ఉన్నాయి. ఇప్పుడు చెట్లున్నాయి, రాతలో లేవు. ప్రభుత్వానికి ఒక్క ఏడాదైనా నచ్చేలా నిలబడలేదు ఆ చెట్లు.

"మరి కాయలెవరు తీసుకుంటున్నారు?" అని అడిగాను.

"చివరింటావిడ దింపించి అమ్మి, డబ్బు తెచ్చి ఇస్తోందండి. వేలం లేకుండా ఎలా తీసుకోను? వద్దంటే నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోతోంది."

అప్పను చూడడానికి వెళ్ళాను. చిక్కిపోయింది. మందులు వాడుతోంది. అరుగు మీద కూర్చోబెట్టి, అడగకముందే గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. తీర్మానం రాసి చెట్లను మళ్ళీ ఆస్తుల్లోకి ఎక్కించమని ఆ కుర్రవాడికి చెబుతానన్నాను. "ఎక్కించు బాబూ," అంది. "వేలమెడితే నాను పాడతాను. ఈసారి కాయలున్నాయి."

ఇక పెంచి చెబుతానని మొదట్లోనే ఒప్పుకున్నాను, ఆ లెక్క తేల్చాలి. ఇందులో చెప్పులు కరగలేదు, బొప్పాయి పూయలేదు, అవి మీరే కోసుకుని ఉంటారు. లేని చెట్లకు వేలం నిజం. అప్ప కూలి డబ్బులు నిజం. ఎర్ర పెన్ను నిజం. నేను కల్పించింది ఒక్కటే.

ఆ రోజు పలాసలో బావ నవ్వలేదు. ఏమీ అనలేదు. ముక్కు మీద గొట్టాలున్నాయి, కళ్ళు మూసి ఉన్నాయి. నేను పడవలన్నాను, మేకలన్నాను, కొబ్బరిచెట్టంత ఎత్తన్నాను. ఆయన కోస్తాడని ఇంకా ఇంకా పెంచుకుంటూ పోయాను. ఇక పెంచడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు అప్ప నా చెయ్యి పట్టుకుని, "నీలొచ్చినాయి కదా, సాలు బాబూ," అంది.